అక్షహృదయం తెలిశాక

పోకర్ మీద ఇంగ్లీషులో వచ్చిన మంచి పుస్తకాలకి ఒక పోలిక ఉంది. వాటిని రాసినవాళ్ళెవరూ లాస్ వేగస్‌లో కాపురం ఉన్నవాళ్ళు కారు. ఆల్ ఆల్వరెజ్ లండన్ నుంచి వచ్చాడు. ఆంథొనీ హోల్డెన్‌దీ లండనే. జేమ్స్ మెక్‌మానస్ షికాగో వైపు నుంచి వచ్చాడు, మరియా కొన్నికోవా న్యూయార్క్ నుంచి వచ్చింది. అందరూ వచ్చారు, చూశారు, ఆడారు, తిరిగివెళ్ళి రాశారు. అందుకే వాళ్ళ పుస్తకాల్లో ఈ ఊరు ఎక్కువగా పండగ రోజునే కనిపిస్తుంది. వరల్డ్ సీరీస్ జరుగుతుంటుంది, ప్రపంచంలోని పేరున్న ఆటగాళ్ళందరూ ఇక్కడే దిగి ఉంటారు, ఎవరో ఒకరు లక్షలు గెలుస్తారు.

నేను పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. పగలు ఉద్యోగం. గురువారం సాయంత్రం, ఆదివారం పొద్దున పోకర్. పండగ కాని రోజుల పోకర్ నాది. పై నలుగురి పుస్తకాలూ నాకిష్టం, ఒక్కోటీ రెండుసార్లయినా చదివాను. చదివిన ప్రతిసారీ ఒక ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతోంది. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. హోల్డెమ్ అనే పోకర్లో మనిషికి రెండు ముక్కలు పంచుతారు. అందరికీ ఉమ్మడిగా మధ్యలో అయిదు ముక్కలు విడతలవారీగా తెరుస్తారు. విడత విడతకీ పందెం. చివరికి ఎవరి అయిదు ముక్కలు మెరుగైతే వాళ్ళది డబ్బు, లేదా అందాకా రానీయకుండా మిగతావాళ్ళని బెదరగొట్టి పంపేసినవాళ్ళది. రూలెట్‌లో, స్లాట్ మెషీన్లో మనం ఆడేది కాసినోతో. పోకర్లో ఆడేది పక్క కుర్చీలో ఉన్న మనిషితో. కాసినో బల్ల ఇస్తుంది, ముక్కలు పంచే మనిషిని ఇస్తుంది, ఆట ఆటకీ తన వాటా తీసుకుంటుంది. అంటే నేను గెలిచిన ప్రతి డాలరూ అంతకుముందు ఇంకొకరి జేబులో ఉన్నది.

*

పుస్తకాల్లో లేని మామూలు రోజు ఎలా ఉంటుందో చెప్తాను.

నెవాడాలో 1931 నుంచి జూదం చట్టబద్ధం. ఇక్కడ సూపర్ మార్కెట్లో పాల ప్యాకెట్టు కొనుక్కుని వస్తుంటే దారిలో స్లాట్ మెషీన్లు ఉంటాయి. విమానం దిగి బయటికి వచ్చేలోపే ఉంటాయి. నేను వెళ్ళేది స్ట్రిప్‌కి దూరంగా, ఊరివాళ్ళు వెళ్ళే ఒక కాసినోకి. కౌంటర్ దగ్గర పేరు రాయించుకుని కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడతాను. ఒకటి–మూడు డాలర్ల ఆట. 300 డాలర్లతో కూర్చుంటాను. గంటకి ముప్ఫై ఆటలు పడతాయనుకుంటే, అందులో పాతిక దాకా ముక్కలు చూసి పడేయడమే. రమ్మీలో డ్రాప్ అంటే నష్టం తగ్గించుకోవడం. ఇక్కడ డ్రాప్ కావడమే పని, ఆడటం మధ్యలో వచ్చే విరామం. రెండు ఆసులు 221 ఆటలకి సగటున ఒక్కసారి వస్తాయి, అంటే ఏడు గంటలు కూర్చున్నవాడికి ఒకసారి. వచ్చాక కూడా పూచీ లేదు. నా దగ్గర రెండు ఆసులు, ఎదుటివాడి దగ్గర రెండు రాజులు ఉండి ఇద్దరం మొదట్లోనే మొత్తం పెట్టేస్తే, దాదాపు అయిదింట ఒకసారి రాజులే గెలుస్తాయి. ఇవన్నీ తట్టుకుని కదలకుండా కూర్చోగలగడమే ఈ ఆటలో ఓర్పు.

ఇంకో లెక్క ఉంది. చిన్న ఆటల్లో కాసినోలు మామూలుగా పందెం మొత్తంలో పదో వంతు, అయిదారు డాలర్లకి మించకుండా తీసుకుంటాయి. ఆటకి సగటున నాలుగు డాలర్లే అనుకున్నా గంటకి 120. బల్ల చుట్టూ తొమ్మిదిమంది ఉంటే తలకి 13 డాలర్ల పైమాటే. గెలిచినప్పుడల్లా పంచిన మనిషికి ఇచ్చే డాలరు టిప్పు వేరే. అంటే తొమ్మిదిమందీ సమానంగా ఆడితే తొమ్మిదిమందీ ఓడిపోతారు. ఒకరిద్దరు ఏడాది పొడుగునా లాభంలో ఉన్నారంటే, ఆ గదిలోకి వారం వారం ఎవరో కొత్త డబ్బు తెస్తున్నారన్నమాట.

తెచ్చేవాళ్ళని నేను చూస్తూనే ఉంటాను. పెన్షన్ మీద బతికేవాళ్ళు. రాత్రి షిఫ్టు ముగించుకుని యూనిఫాం మీదే వచ్చేసిన హోటలు పనివాళ్ళు. పెళ్ళికో కాన్ఫరెన్సుకో వచ్చి మూడోరోజు వెళ్ళిపోయేవాళ్ళు. ఆదివారాలు ఒక పెద్దాయన వస్తాడు. మంచివాడు, సరసుడు, బల్ల దగ్గర అందరి పిల్లల చదువులూ కనుక్కుంటాడు. మంచి ముక్కలు పడితే ఆయన చేతిలో ఉన్న కాఫీ కప్పు నెమ్మదిగా కింద పెడతాడు. పడకపోతే కప్పు చేతిలోనే ఉంటుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు, నాకు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. కప్పు కింద పెట్టగానే నేను ముక్కలు పడేస్తాను, చేతిలోనే ఉంటే పందెం పెంచుతాను. దీన్నే మేము నేర్పు అంటాం.

నాకు ఒక నోటుబుక్కు ఉంది. తారీకు, కూర్చున్న గంటలు, తెచ్చిన డబ్బు, పట్టుకెళ్ళిన డబ్బు. కొన్నేళ్ళుగా కొద్దిపాటి లాభంలోనే ఉన్నాను. వేసవిలో వచ్చిన మా బావగారు ఆ నోటుబుక్కు చూసి, "నెలకి ఎంత మిగులుతుందేంటి?" అన్నారు. సంక్రాంతి మూడురోజులూ భీమవరం చుట్టుపక్కల కోడిపందాల బరుల దగ్గర నిలబడే మనిషి, ఆయనకి అది సహజమైన ప్రశ్న. మా ఆవిడ అడిగేది వేరు. గెలిచి ఇంటికొచ్చిన రోజున, "ఎవరు ఓడారండీ?" అంటుంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకుందామనే.

పోకర్ సాహిత్యం బావగారి ప్రశ్నకి వందలకొద్దీ పేజీల జవాబిచ్చింది. మా ఆవిడ ప్రశ్నకి ఏమిచ్చిందో చూద్దాం.

*

ఆల్వరెజ్ పుస్తకం 'ద బిగ్గెస్ట్ గేమ్ ఇన్ టౌన్' 1983లో వచ్చింది. ఆయన కవి, విమర్శకుడు, అబ్జర్వర్ పత్రికలో పదేళ్ళు కవిత్వ సంపాదకుడు. సిల్వియా ప్లాత్ మరణం దగ్గర మొదలుపెట్టి ఆత్మహత్య గురించి 'ద సావేజ్ గాడ్' రాసినవాడు. అలాంటి మనిషి 1981లో ఫ్రీమాంట్ వీధిలోని బిన్యన్స్ హార్స్‌షూ కాసినోకి వరల్డ్ సీరీస్ చూడటానికి వచ్చాడు. ఆ ఏడాది ప్రధాన పోటీలో ఆడింది 75 మంది, తలా 10,000 డాలర్లు కట్టి. గెలిచింది స్టూ ఉంగర్, 3,75,000 డాలర్లు.

పోకర్ మీద ఇంతకంటే మంచి వచనం నేను చదవలేదు. వాక్యంలో పొదుపు ఉంటుంది. మనిషిని రెండు మాటల్లో నిలబెట్టి పక్కకి తప్పుకుంటాడు. ఆల్వరెజ్ పట్టుకున్న అసలు సంగతి ఇది: పెద్ద ఆటగాళ్ళకి డబ్బు డబ్బుగా కనిపించదు. ఒకసారి చిప్పుల రూపంలోకి మారాక అది వడ్రంగికి బాడిసె ఎలాగో అలాంటి పనిముట్టు. పందెంలో ఉన్నది ఒక ఇంటి ఖరీదు అని గుర్తొచ్చినవాడు ఆ పందెం కట్టలేడు. పుస్తకమంతా ఈ ఒక్క పరిశీలన చుట్టూ తిరుగుతుంది, ఎక్కడా విసుగనిపించదు.

ఆ నిర్లక్ష్యంలో ఆల్వరెజ్‌కి ఒక రకమైన వైరాగ్యం కనిపించింది. దాన్ని మోహంతోనే చూశాడు. నాకు అడ్డుతగిలేది ఇక్కడే. గెలిచేవాడికి డబ్బు అర్థం కోల్పోతే అది వైరాగ్యంలా ఉంటుంది. ఓడేవాడికి కోల్పోతే దాన్ని మనం రోగం అంటాం. ఆ రెండిటికీ మధ్య గీత ఎంత సన్ననిదో ఉంగర్ జీవితమే చెప్తుంది. 1997లో మూడోసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాది నవంబరులో ఈ ఊళ్ళోనే ఒక మోటెల్ గదిలో చనిపోయాడు, 45 ఏళ్ళ వయసులో. 1983 నాటి పుస్తకానికి ఆ ముగింపు తెలిసే వీల్లేదు. ఇవాళ చదివే మనకి తెలుసు. అందుకని ఆ పసివాడిలాంటి చాంపియన్ కనిపించే పేజీలు ఇప్పుడు రాసినప్పటి వెలుగులో చదవలేం.

హోల్డెన్ ఆల్వరెజ్ స్నేహితుడు. లండన్‌లో మంగళవారం రాత్రుల ఆటలో ఇద్దరూ ఒకే బల్ల. జీవితచరిత్రలు రాసుకునే హోల్డెన్, 1988 వరల్డ్ సీరీస్ నుంచి 1989 వరల్డ్ సీరీస్ దాకా ఒక ఏడాది వృత్తి ఆటగాడిగా బతికి చూద్దామని బయల్దేరాడు. ఆ ఏడాది కథే 1990లో వచ్చిన 'బిగ్ డీల్'. ఆల్వరెజ్ చూశాడు, హోల్డెన్ ఆడాడు. ఈ పుస్తకంలో నాకు నచ్చేది లెక్క. ఎంత తెచ్చాడు, ఎంత పోగొట్టాడు, ఎంత మిగిలింది అన్నీ చెప్తాడు. చివరికి కాస్త లాభంలోనే తేలాడు, అది జీతం అనుకోదగ్గంత కాదు. నవ్విస్తాడు, తనమీద తనే జోకులు వేసుకుంటాడు.

అయితే ఈ ఏడాదికి ఒక గోడ ఉంది. గెలిస్తే గెలిచిన కథ, ఓడితే ఓడిన కథ. ఏదైనా పుస్తకం అవుతుంది. రచయితకి ఓటమి కూడా ముడిసరుకే. మా బల్ల దగ్గర కూర్చునే హోటలు పనిమనిషికి ఆ వెసులుబాటు లేదు. ఆమె పోగొట్టుకున్న 200 డాలర్లు ఏ పుస్తకంగానూ తిరిగిరావు.

మెక్‌మానస్‌కి ఈ ఇరుకు కొంత తెలుసు. 2000లో హార్పర్స్ పత్రిక ఆయన్ని వరల్డ్ సీరీస్ మీదా, హార్స్‌షూ యజమానుల కుటుంబంలోని టెడ్ బిన్యన్ మరణం మీద జరుగుతున్న కేసు విచారణ మీదా రాయమని పంపింది. ఇచ్చిన అడ్వాన్సు 4,000 డాలర్లు పెట్టి చిన్న పోటీలో ఆడి, ప్రధాన పోటీకి ప్రవేశం గెలుచుకున్నాడు. అక్కడ అయిదో స్థానంలో నిలిచి 2,47,760 డాలర్లు గెలిచాడు. ఎవరి పుస్తకం చదివి ఆట నేర్చుకున్నాడో ఆ టి.జె. క్లూటియర్ ఎదురుగానే చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. కల్పనలో రాస్తే సంపాదకుడు నమ్మశక్యంగా లేదని కొట్టేసే కథ ఇది. 2003లో 'పాజిటివ్‌లీ ఫిఫ్త్ స్ట్రీట్'గా వచ్చింది.

ఇందులో ఇల్లు ఉంది. భార్య, పిల్లలు, ఫోన్లు, మాట ఇవ్వడాలు, తప్పడాలు. తనని తాను మంచి జిమ్, చెడ్డ జిమ్ అని రెండుగా చీల్చుకుని వాళ్ళిద్దరి తగువు నడిపిస్తాడు. ఆటగాడి ఇంటిలోని భయాన్ని ఈ నలుగురిలో బాగా పట్టుకున్నది ఈయనే. కానీ ఆ భయం తన ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది. ఎదుటి కుర్చీలోవాడికీ ఒక ఇల్లు ఉంటుందని పుస్తకానికి తోచదు. పుస్తకంలోని రెండో సగం, ఆ మరణం కథ, ఇప్పుడు చదవడానికి ఇంకా ఇబ్బంది. మొదట్లోనే హత్య జరిగిన తీరు కళ్ళకి కట్టినట్టు ఊహించి రాశాడు. నిందితులిద్దరికీ పడ్డ శిక్షని 2003లో పైకోర్టు కొట్టేసింది, 2004లో మళ్ళీ జరిగిన విచారణలో హత్యానేరం నుంచి ఇద్దరూ బయటపడ్డారు. కాసినో ఊరికి వచ్చిన రచయిత ఎంత త్వరగా కథ అల్లేసుకుంటాడో చూడటానికి ఆ మొదటి పేజీలు పనికొస్తాయి.

*

కొన్నికోవా 'ద బిగ్గెస్ట్ బ్లఫ్' 2020లో వచ్చింది. నాకు తెలిసిన తెలుగు కుర్రాళ్ళు ఎక్కువమంది చదివింది ఈ పుస్తకమే. ఆమె మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియని స్థితిలో మొదలుపెట్టి, ఎరిక్ సైడెల్ అనే మహా ఆటగాడిని గురువుగా ఒప్పించుకుని, 2018లో ఒక పోటీ గెలిచేదాకా వెళ్ళింది. జీవితంలో అదృష్టం వాటా ఎంత, మన నిర్ణయం వాటా ఎంత అన్నది ఆమె వెతుకులాట. ఫాన్ నాయ్‌మన్ 1944లో మోర్గెన్‌స్టర్న్‌తో కలిసి రాసిన ఆటల సిద్ధాంతం పుస్తకంలో పోకర్‌కి ఎందుకు చోటిచ్చాడో ఆమె తేటగా చెప్తుంది. జీవితంలో లాగే పోకర్లోనూ ఎదుటివాడి ముక్కలు మనకి కనపడవు.

పాఠంగా ఇది మేలైన పుస్తకం. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచకూడదని ఇంత బాగా చెప్పినవాళ్ళు తక్కువ. అయినా మూసి పక్కన పెట్టాక నాకు వెలితిగా ఉంటుంది. ప్రతి ఓటమీ ఒక పాఠం, ప్రతి మనిషీ ఒక అభ్యాసం. ఎదురుగా కూర్చున్నవాడు ఆమె ఎదుగుదలకి మెట్టు. పోకర్‌ని జీవితానికి ఉపమానం చేసెయ్యడంలో ఉన్న చిక్కే ఇది. ఉపమానంలో డబ్బు ఉండదు. బల్ల మీద ఉంటుంది.

ఈ విషయంలో సాహిత్యం కంటే పాఠ్యపుస్తకం నిజాయితీగా ఉంది. డేవిడ్ స్క్లాన్‌స్కీ 'ద థియరీ ఆఫ్ పోకర్'లో ఒక మూలసూత్రం ఉంది. నా మాటల్లో చెప్పాలంటే: నీ ముక్కలు కనిపిస్తే ఎదుటివాడు ఎలా ఆడేవాడో, కనపడనందువల్ల అలా ఆడకుండా పోయిన ప్రతిసారీ నీకు లాభం, నువ్వు అలా తప్పిపోయిన ప్రతిసారీ వాడికి లాభం. ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పలేం. ఎదుటివాడి పొరపాటు నుంచి. ఇందులో వైరాగ్యం లేదు, ఆత్మజ్ఞానం లేదు. పచ్చళ్ళ వ్యాపారి మామిడికాయల ధర చెప్పినట్టు చెప్తాడు.

'రౌండర్స్' సినిమాలోనూ (1998) అలాంటి ఒక్క సన్నివేశం ఉంది. న్యూయార్క్ ఆటగాళ్ళు అట్లాంటిక్ సిటీ కాసినోలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఒకరి జోలికి ఒకరు పోరు. ఆ బల్లకి సరదాగా వచ్చి కూర్చున్న బయటివాళ్ళ డబ్బు మాత్రం వరసగా ఒలిచేస్తారు. సినిమాలో అది తమాషాగా నడుస్తుంది, మనం నవ్వుతాం. ఆ సినిమా మొత్తంలో నా ఆదివారానికి దగ్గరగా ఉన్నది ఆ కాసేపే. అదే సినిమాలో హీరో పదేపదే చూసే టేపు 1988 వరల్డ్ సీరీస్ ఆఖరి ఆటది. జానీ చాన్ చేతిలో గెలిచే ముక్కలు పెట్టుకుని ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాడు. ఎదుటి కుర్రాడు మొత్తం డబ్బు ముందుకి తోస్తాడు. ఆ కుర్రాడే సైడెల్, తర్వాత కొన్నికోవాకి గురువైనవాడు. ఎన్ని గెలిచినా, లక్షలమంది చూసింది ఆయన ఓడిన ఆ ఒక్క ఆటనే. తన ఓటమికి ముఖం, పేరు రెండూ ఉన్న ఆటగాడు ఆయన. మా ఊరి బల్లల దగ్గర ఓడేవాళ్ళకి ఆ రెండూ ఉండవు.

*

మనవైపు ఈ సంగతి ఇంకో దారిలో వచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ళని పోలీసులు పట్టుకున్న కేసులో, 1968 తీర్పుగా పేరుపడ్డ నిర్ణయంలో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అంది. పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, మూడు ముక్కలాట లాంటిది కాదు అని. పందేల మీద క్లబ్బు లాభం తీస్తుంటే అది వేరే సంగతి అని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ రెండో మాట అంతగా ఎవరికీ గుర్తులేదు. మొదటి మాట మాత్రం అప్పటినుంచీ పేకాటకి గొడుగైంది. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వ్యాపారాలన్నీ ఆ గొడుగు కిందే పెరిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ ఆటలని నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నేర్పా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టేసింది.

చట్టం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. కోర్టులూ, పై నాలుగు పుస్తకాలూ ఒక విషయంలో కలుస్తాయి. నేర్పు అనగానే ఆటకి మర్యాద వచ్చేస్తుందని రెండూ నమ్ముతాయి. జూదరికీ ఆటగాడికీ మధ్య గోడ అదే. బల్ల దగ్గర కూర్చుంటే నాకు దీనికి అడ్డంగా అనిపిస్తుంది. లాటరీలో గెలిచినవాడు ఓడినవాళ్ళకి ఏమీ చెయ్యలేదు. అతనికి వాళ్ళెవరో కూడా తెలియదు. పోకర్లో గెలిచినవాడు ఓడేవాడిని ఎంచుకున్నాడు, చదివాడు, అతని కాఫీ కప్పుని నాలుగేళ్ళు గమనించాడు, ఆయన పక్క కుర్చీ ఖాళీ అయితే కావాలని మారి కూర్చున్నాడు. నేర్పు పెరిగేకొద్దీ ఎదుటివాడి నష్టంలో నా చెయ్యి పెరుగుతుంది. నేర్పు బాధ్యతని పెంచుతుంది గాని తీసెయ్యదు. పెద్దాయన ఇష్టపడే వస్తున్నాడు, నిజమే. ఆయనకి ఆదివారం ఆ బల్ల దగ్గరి కబుర్లు కావాలి, 300 డాలర్లకి అవి దొరుకుతున్నాయని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. అదంతా నిజమయ్యాక కూడా, ఆ 300లో నా వాటా నా వాటాయే.

*

ఇది మన కథలకి బాగా తెలుసు. మహాభారతంలో జూదం ఓడినవాడి వైపు నుంచీ, పందెంగా పెట్టబడిన మనిషి వైపు నుంచీ చెప్పిన కథ. సభలో ద్రౌపది అడిగించిన ప్రశ్న, తనని తాను ఓడిపోయాక ఇంకొకరిని ఒడ్డే హక్కు ఆ మనిషికి ఎక్కడిదని, ఇప్పటికీ జవాబు తెగని ప్రశ్న. అంతకు ఎంతో ముందు ఋగ్వేదంలోని అక్షసూక్తంలోనే, పాచికలు వదలలేక, ఇంటికి వెళ్ళలేక ఏడుస్తున్న జూదరి ఉన్నాడు.

ఇంగ్లీషు పోకర్ పుస్తకాలకి సరిగ్గా సరిపోయే కథ నలుడిది. పుష్కరుడి చేతిలో రాజ్యం ఓడిపోయి, దమయంతిని అడవిలో వదిలేసి, మారురూపంలో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుకుంటున్న నలుడికి, ఆ రాజు దారిలో ఒక తాండ్రచెట్టు చూపించి దాని ఆకులూ కాయలూ ఎన్నో చూసీచూడగానే చెప్పేస్తాడు. ఆ చెట్టు కాయలనే పూర్వం పాచికలుగా వాడేవాళ్ళు. నలుడు లెక్కపెట్టి చూస్తే సరిపోతుంది. ఆ విద్యే అక్షహృదయం. నలుడు తన అశ్వహృదయానికి బదులుగా దాన్ని తీసుకోగానే, ఒంట్లో చేరిన కలి బయటికి వచ్చేస్తాడు. అంచనా వెయ్యడం తెలిసినవాడిని దురదృష్టం వదిలిపోతుంది. కొన్నికోవా పుస్తకానికి ఇంతకంటే పాత ముందుమాట దొరకదు. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హాకింగ్ కూడా ఈ చెట్టు కథ దగ్గర ఆగాడు.

కానీ కథ అక్కడ ఆగదు. విద్య తెలిసిన నలుడు తిరిగివెళ్ళి పుష్కరుడితో మళ్ళీ ఆడతాడు, ఒక్క ఆటలో అంతా గెలుస్తాడు. గెలిచాక పుష్కరుడిని క్షమించి, అతని భాగం అతనికిచ్చి, మర్యాదగా పంపించేస్తాడు. ఇప్పుడు పుష్కరుడు తనకి సాటి కాడు. నలుడికి ఆ సంగతి తెలుసు. ఓడినవాడితో ఏం చెయ్యాలన్న ప్రశ్న ఆ కథకి తట్టింది.

ఈ కథని అడవిలో ధర్మరాజుకి చెప్పిన బృహదశ్వుడు ఆయనకీ అక్షహృదయం ఉపదేశిస్తాడు. అజ్ఞాతవాసంలో ధర్మరాజు కంకుభట్టుగా విరాటరాజు కొలువులో జూదమాడి గెలుస్తూ, గెలిచింది తమ్ములకి పంచిపెడుతూ బతుకుతాడు. ఇప్పటి మాటల్లో వృత్తి ఆటగాడు. ఒకసారి బృహన్నలని పొగిడాడన్న కోపంతో విరాటుడు చేతిలో ఉన్న పాచికలతో ఆయన ముఖం మీద కొడితే రక్తం కారుతుంది. విద్య వచ్చాక కూడా పాచిక దెబ్బ తగిలింది. హోల్డెన్ ఏడాదిలో గానీ, కొన్నికోవా ఎదుగుదలలో గానీ ఈ ఘట్టానికి సాటివచ్చేది లేదు.

ఇంతకీ పోకర్ గురించి ఒక్క పుస్తకమే చదువుతామంటే ఆల్వరెజ్‌ని చదవండి. ఆడి చూద్దామనుకునేవాళ్ళు స్క్లాన్‌స్కీని కూడా చదవండి, ఎందుకంటే డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఆయన దాచలేదు. కొన్నికోవాని పిల్లలకి ఇవ్వొచ్చు, నిర్ణయాల గురించి నేర్చుకుంటారు. రావలసిన పుస్తకం మాత్రం ఇంకా రాలేదు. అది వరల్డ్ సీరీస్ చూడటానికి వచ్చిన రచయిత రాసేది కాదు. ఆదివారం పొద్దున 300 డాలర్లు తెచ్చుకుని, మధ్యాహ్నానికి ఖాళీ చేతులతో కారు దగ్గరికి నడిచే మనిషి రాయాలి, లేదా ఆయన ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు రాయాలి. అందులో నాలాంటివాడు కూడా ఒక పాత్రగా ఉంటాడు. బల్ల అవతలి పక్క కూర్చుని, ఆయన చేతిలోని కప్పు వైపు చూస్తూ. ఆ పాత్ర ఆయనకి ఎలా కనిపిస్తుందో చదవాలని నాకుంది.